వెంకటసుబ్బయ్యగారు పడని మెట్లు

గోడ అవతల గుయ్యిమని చప్పుడు మొదలయ్యేది, తేనెటీగను సీసాలో మూసినట్టు. దేశ రాజధాని శివారు ద్వారకలో మా పక్క ఫ్లాట్ వెంకటసుబ్బయ్యగారు మర్దన మిషన్‌తో తొడమీది గడ్డను నొక్కుకుంటున్నారని దాన్ని బట్టే తెలిసేది.

రిటైరైన ఆఫీసరు. ప్రతి ఉదయమూ ఎవరినో ఒకరిని ఓడించడానికే లేచేవారు. కూరలవాడిని, లిఫ్టు బాగుచేసేవాడిని, అన్నం వడ్డిస్తున్న భార్యను. ఎవరూ దొరకని రోజు టీవీలో వార్తలు చదివే అమ్మాయిని ఓడించి పడుకునేవారు.

భార్య జానకీదేవిగారు పోరగా పోరగా ఆయన ఒంటరిగానే డాక్టరు దగ్గరికి వెళ్లొచ్చారు. ఎక్స్‌రేను బాల్కనీ వెలుతురుకు ఎత్తి నాకు చూపించారు. తొడ ఎముకకు దూరంగా, కండ మధ్యలో, దారితప్పిన తెల్లని మబ్బుతునక.

“దెబ్బ తగిలిన కండ మానుతూ ఇలా ఎముకలా గట్టిపడుతుందట. దానికి భయం లేదట. ఎముక క్యాన్సర్ లాంటిదే, కండలో పుట్టే అరుదైన గడ్డ ఇంకోటుందట. మొదట్లో రెండూ ఒక్కలాగే కనిపిస్తాయట. ‘దెబ్బేమన్నా తగిలిందా’ అనడిగాడు. మెట్రో మెట్ల మీద పడ్డానన్నా!”

“ఎప్పుడు పడ్డారంకుల్?”

“పడలేదోయ్! పడ్డానంటే వదిలేస్తాడని చెప్పా. ‘ఠీక్ హై, నెలాగి మళ్లీ ఎక్స్‌రే తీద్దాం’ అన్నాడు. లేకపోతే సూది గుచ్చి ముక్క తీసేవాడే. ఇదీ వీళ్ల చదువు!”

క్యాన్సర్‌ను కూడా కూరలవాడిలా కసిరి గేటు దాటించానని ఆయన నమ్మకం. నాకు జాలి కలగలేదు, రోత పుట్టింది. వంటింట్లోకి వెళ్లి జానకీదేవిగారికి చెప్పేశాను.

“ఈయన మెట్రో ఎక్కిందెప్పుడు నాయనా, పడ్డానికి!” అంటూ ఆమె అక్కడే డాక్టరుకు ఫోన్ కలిపారు.

మర్నాడే పిలిపించి సూదితో ముక్క తీశారు. ఆ అరుదైనదే. ఇంకా ఎక్కడికీ పాకలేదు. ఆపరేషన్‌లో తొడ కండ చాలావరకు పోయింది, కాలు మిగిలింది. నెల ఆగి ఉంటే కాలూ, ప్రాణమూ దేనికీ హామీ ఇవ్వలేకపోయేవాడినని డాక్టరు అన్నాడట.

ఇంటికి తెచ్చాక చూడటానికి వెళ్లాను. సాయంత్రపు పసుపు వెలుతురులో, దుప్పటి కింద ఒక పక్క పల్చబడి, ముఖం తిప్పుకుని పడుకున్నారు.

“కాలు దక్కింది కదంకుల్, అదే చాలు.”

“కాలుదేముందోయ్! పెళ్లయ్యాక మొదటిసారి ఆవిడ మాట నెగ్గింది. నెగ్గించింది నువ్వు. నర్సుల ముందు ‘ఈయన పడలేదండీ, అబద్ధం’ అంటుంటే నోరు మూసుకుని పడుండాల్సొచ్చింది. ఇక మా గుమ్మం తొక్కకు.”