పని లేని రోజుల మస్టరు

మార్కాపురంలో మా పలకల ఫ్యాక్టరీ మేనేజరు ఒక ఉదయం మాకందరికీ టీ పోయించాడు. నాకు అనుమానం మొదలైంది అక్కడే. పదకొండేళ్ళుగా ప్యాకింగ్‌లో పనిచేస్తున్నాను. ఆ మనిషి మేం తాగే నీళ్ళ డ్రమ్ము మీద మూత ఉందో లేదో కూడా చూసిన పాపాన పోలేదు. అలాంటివాడు అరవై మందికీ పేపరు కప్పుల్లో టీ పోయించి, పైగా చక్కెర సరిపోయిందా అని అడిగితే ఏమనుకోవాలి?

పని తగ్గిందని మాకు ముందే తెలుసు. బడిపిల్లల పలకల కాలం పోయాక, గోడలకు అతికించే డిజైను పలకలే మాకింత కూడు పెడుతున్నాయి. అవి ఓడలెక్కి బయటి దేశాలకు పోవాలి. ఆ ఏడు అక్కడ ఇళ్ళు కట్టేవాళ్ళే లేరట. మేం మేకులు కొట్టి మూసిన చెక్కపెట్టెలు షెడ్డులో పైకప్పు దాకా పేరుకుపోయాయి. కంటైనర్ లారీ గేటులోకి వచ్చి నెల దాటింది.

టీ తాగడం అయ్యాక మేనేజరు ఒక కాగితం తీసి నా చేతికిచ్చాడు. "నువ్వు చదువుకున్నదానివి గదమ్మా, అందరికీ ఇనపడేట్టు చదువు" అన్నాడు. ఇంటర్ దాకా చదివానని నాకు కొంచెం గర్వం ఉండేది, దాచడమెందుకు. గొంతు పెంచి చదివాను. ఆర్డర్లు లేనందువల్ల కొంతకాలం పని ఆపుతున్నారు. ఎవరినీ తీసెయ్యడం లేదు. చట్టప్రకారం పని లేని రోజులకు సగం జీతం ఇస్తారు. అయితే రోజూ ఉదయం పని వేళకు వచ్చి హాజరు మస్టరులో సంతకం పెట్టాలి. ఏ రోజు రాకపోతే ఆ రోజు డబ్బు రాదు.

చదివేటప్పుడే నాకు ఒళ్ళు మండింది. పని చేయించుకుని జీతం ఎగ్గొట్టేవాళ్ళని చూశాను గానీ, ఊరికే కూర్చోబెట్టి ఇచ్చేవాళ్ళని ఎక్కడా చూడలేదు. ఎవరి చెవిలో పువ్వు పెడతారు?

నా కోపానికి ఒక కారణం ఉంది. మా నాయన వేరే ఫ్యాక్టరీలో పలకలు కోసే మిషను మీద పనిచేసేవాడు. పి.ఎఫ్. కోసమని చెప్పి ఒకరోజు అక్కడ అందరి చేతా సంతకాలు పెట్టించుకున్నారు. నాయన సంతకం పెట్టి, ఇంటికొచ్చి సంతోషంగా చెప్పాడు కూడా. అది రాజీనామా అని నెల తిరిగాక తెలిసింది. ఇష్టపూర్వకంగా మానుకున్నవాడికి ఏ పరిహారమూ రాదని చెప్పి పంపేశారు. ఆ తర్వాత ఆయన రేషన్ డీలరు దగ్గర కూడా సంతకం పెట్టడానికి భయపడేవాడు. నేను ఆ భయాన్ని కోపంగా మార్చుకుని మోస్తున్నాను.

గేటు బయట బఠానీలమ్మే బండి పక్కన అందరం గుమిగూడాం. నేనే మాట్లాడాను. రోజూ సంతకం పెడితే సగం జీతానికి ఒప్పుకున్నట్టు రాసుకుంటారని, రేపు పని మొదలైనా అదే జీతం ఇస్తారని, మనల్ని ఇక్కడ కట్టేసి వేరే కూలికి పోనివ్వకుండా చేయడానికే ఈ టీలన్నీ అని చెప్పాను. ఎవరో ఒకామె, "నువ్వు చెప్పిందంతా బైబిలు వాక్యమా ఏంది?" అని ఎకసెక్కంగా అంది. మిగతావాళ్ళు నవ్వారు గానీ నా మాటే విన్నారు. మరుసటి రోజు నుంచి ఎవరూ పోకూడదని, మిరపకాయల కోతలకు దర్శి వైపు ఆటో మాట్లాడుకోవాలని అనుకున్నాం.

ఒక్క చిన్నమ్మ తప్ప. చిన్నమ్మంటే నాకు రక్తసంబంధం కాదు. ప్యాకింగ్ బల్ల దగ్గర పదకొండేళ్ళూ నా కుడిపక్కన నిలబడిన మనిషి. చర్చిలోనూ నా పక్కనే కూర్చుంటుంది. ఆమె భర్తని నేను చిన్నాయనా అంటాను. ఆయనా పలకలు కోసినవాడే. ఆ దుమ్మంతా ఊపిరితిత్తుల్లోకి దిగింది. ఇంట్లో మంచం పక్కన ఆక్సిజన్ మిషను పెట్టుకుని, ముక్కులో గొట్టం పెట్టుకుంటే తప్ప ఆయన నాలుగు మాటలు వరసగా మాట్లాడలేడు. ఆ మిషను అద్దెది. నెల నెలా మందుల దుకాణంలో కట్టాలి. కట్టకపోతే తీసుకుపోతారు.

చిన్నమ్మ రెండు రోజులు మస్టరుకు పోయి సంతకం పెట్టి వచ్చిందని తెలిసి నేను మూడో రోజు ఆటోస్టాండు దగ్గర కాపు కాశాను. రాగానే చెయ్యి పట్టుకుని పక్కకు లాగాను.

"మిషను అద్దె కట్టాల గదా పాపా. పది నిమిషాల పని, సంతకం పెట్టి మళ్ళా ఆయన దగ్గరికి వచ్చేస్తా" అంది.

"నువ్వొక్కదానివి పెడితే అందరం ఒప్పుకున్నట్టే చిన్నమ్మా. సగం ఏంది, మొత్తం జీతం ఇప్పిస్తా నేను. లేబరాఫీసులో అర్జీ పెడుతున్నా. నన్ను నమ్ము" అన్నాను.

నమ్మింది. అదే ఆటోలో వెనక్కి పోయింది.

మేమంతా మిరప కోతలకు పోయాం. చిన్నమ్మ రాలేదు. పొద్దున పోతే సాయంత్రం దాకా రాని పని అది, చిన్నాయనను ఒంటరిగా వదలడం కుదరదు. ఇది నాకు ఆటోస్టాండు దగ్గర తట్టలేదు. మా అందరికీ ఏదో ఒక కూలి దొరికింది. ఆమె చేయగలిగిన పని ఆ పది నిమిషాల సంతకం ఒక్కటే, దాన్ని నేను మాన్పించాను.

ఆ నెలాఖరుకు మందుల దుకాణం మనిషి వచ్చాడు. అప్పుడు నేను అక్కడే ఉన్నాను. అతను మర్యాదస్థుడే, వారం ఆగాడు, ఇక ఆగలేనన్నాడు. చిన్నమ్మ తడిగుడ్డ తెచ్చి మిషను నాలుగు వైపులా శుభ్రంగా తుడిచి ఇచ్చింది. గొట్టం చుట్టి పైన పెట్టింది. చిన్నాయన రెండు దిండ్లు ఒకదాని మీద ఒకటి వేసుకుని, గోడకు ఆనుకుని, నోరు తెరిచి ఊపిరి తీసుకుంటున్నాడు. నేను ఆమెతో, అర్జీ విచారణకు పిలిచారు, డబ్బు వస్తుంది, ఇంతకంటే మంచి మిషను తెచ్చుకుందాం అని చెప్పాను. సిగ్గులేకుండా ఎంత ధీమాగా చెప్పానో ఇప్పటికీ గుర్తుంది.

అర్జీ నేనే రాశాను. మూడు పేజీలు. ఫ్యాక్టరీ కాగితం మీద వద్దన్న సంతకాలు, నా కాగితం మీద అందరూ చదవకుండానే పెట్టారు.

లేబరాఫీసులో విచారించిన ఆఫీసరు ఒక నడివయసు మేడం. నేను రాసిన మూడు పేజీలూ చదివింది. తర్వాత మేనేజరు తెచ్చిన మస్టరు తెరిచింది. అందరి పేర్ల ఎదురుగా ఖాళీలు. చిన్నమ్మ పేరు ఎదురుగా రెండు సంతకాలు, తర్వాత ఖాళీలు. గేటుకు అంటించిన నోటీసు ఫొటో కూడా తెచ్చాడు.

"పని ఆపిన రోజుల్లో సగం జీతం మీ హక్కు అమ్మా. అది యజమాని దయ కాదు, చట్టం. కానీ రోజుకొకసారి వచ్చి కనపడాలని కూడా ఆ చట్టమే చెప్తుంది. వాళ్ళు పిలిచారు, మీరు రాలేదు" అంది.

వీళ్ళు కావాలనే చేశారని, మేం రామని తెలిసే పిలిచారని అన్నాను.

"కావచ్చు. అది మస్టరులో కనపడదు కదమ్మా" అని పుస్తకం మూసింది.

బయటికొచ్చాక మేనేజరు నన్ను దాటిపోతూ, ఆ రోజు చదివింది నువ్వే గదమ్మా అన్నాడు. అప్పటి నుంచి ఒక్కటే ఆలోచన నన్ను తొలిచేస్తోంది. అరవై మందిలో ఆ కాగితం నాకే ఎందుకిచ్చాడు? మా నాయన సంగతి ఊరందరికీ తెలుసు, అతనికీ తెలుసు. నా నోరూ తెలుసు. నిజమే రాసి, నిజమే చదివించి, మేం నమ్మం అన్న ధైర్యంతో ఆ టీ పోయించాడా? అరవై మందికి నలభై రోజుల సగం జీతం మిగుల్చుకోవడానికి అరవై కప్పుల టీ ఎంత ఖర్చు? ఒక్కోసారి ఇది గట్టిగా నమ్ముతాను. ఒక్కోసారి, నా తప్పు ఇంకొకరి మీదికి తొయ్యడానికి ఇదంతా అల్లుకుంటున్నానేమో అని నా మీదే అనుమానం వస్తుంది. మేనేజరు ముఖం చూసి మాత్రం ఏమీ తెలుసుకోలేకపోయాను.

పదిరోజుల తర్వాత ఒక మధ్యాహ్నం చిన్నమ్మ మా ఇంటికి వచ్చింది. చేతిలో ఒక ఓచరు. ఆమె వచ్చిన రెండు రోజులకు సగం జీతం ఇస్తామని, ఓచరు మీద సంతకం పెట్టి తెచ్చి డబ్బు తీసుకోమని ఫ్యాక్టరీ నుంచి పంపారట.

"చదువు పాపా. ఇందులో ఏమన్నా మెలిక ఉందేమో చూడు" అంది.

చదివాను. వెనక్కి తిప్పి చూశాను. వెలుతురు బాగుంటుందని గుమ్మం దగ్గరికి తీసుకెళ్ళి మళ్ళీ చదివాను. ఒక్క మోసపు మాటన్నా దొరకాలని దేవుణ్ణి వేడుకున్నాను, నిజంగానే ప్రార్థించాను. రెండు తేదీలు, సగం జీతం, కింద సంతకానికి ఖాళీ. అంతే.

"ఏం లేదు చిన్నమ్మా. సరిగ్గానే ఉంది."

ఆమె కాగితం నా చేతిలోంచి తీసుకుంది. "అంటే, రోజూ పోయింటే రోజూ ఇచ్చేవాళ్ళా?"

"ఇచ్చేవాళ్ళు."

"మిషను ఉండేదా?"

అబద్ధం చెప్పొచ్చు. నేను చెబితే నమ్ముతుంది కూడా. "ఉండేది" అన్నాను.

చిన్నమ్మ పెన్ను అడిగి, కాగితం గడప మీద పెట్టి, ఒక్కో అక్షరమే కూడబలుక్కుని సంతకం పెట్టింది. పెన్ను నా చేతికిచ్చి, చిన్నాయన ఒక్కడే ఉన్నాడని లేచింది. క్షమించమని నేను అడగలేదు. అడిగితే "పోనీలే పాపా" అంటుందని తెలుసు. ఆ మాట వినే ధైర్యం నాకు లేకపోయింది.