దొరబాబుగారి మోకాలు

దొరబాబుగారి నోరు ఎక్కినంత ఎత్తుకి ఆయన కాళ్లు ఏనాడూ ఎక్కలేదు. పాపికొండల నేషనల్ పార్కులో గోదారి లోయని పైనుంచి చూడడానికి ఒక వ్యూ పాయింట్ ఉంది. దాని గురించి ఆయన చెప్పినంతగా ఆ కొండని పుట్టించిన దేవుడు కూడా చెప్పలేడు. తీరా ఇంటిల్లిపాదినీ వెంటేసుకుని ఎక్కబోతే, శిఖరం నాలుగు అంగల్లో ఉందనగా ఆయన మోకాలు పట్టేస్తుంది. ఏటా అంతే. మిగతావాళ్లు పైకెళ్లి చూసొస్తారు, ఆయన కింద కూర్చుని వస్తారు, ఇంటికొచ్చాక కథ మాత్రం ఆయనే చెబుతారు.

మండపేటలో ఆ కథకి టిక్కెట్టు లేదు, తప్పించుకునే దారీ లేదు.

"అక్కడ గోదారి ఎలా వస్తుందనుకున్నారు? లావుపాటి వియ్యపురాలు ఆటోలోంచి దిగినట్టు! రెండు కొండల మధ్య ఇరుక్కుని, సర్దుకుని, ఒక్కసారిగా బయటపడుతుందండీ. ఇక ఆ కొండలు చూడండి, ఊరికే మాటకి మాట తిప్పికొట్టే రకం కాదు. 'కాఫీ' అని అరిస్తే ఎదుటి కొండ 'పంచదార ఎంత?' అని అడుగుతుంది."

"మీరు పైకి వెళ్లనే లేదుగా?" అని ఎవరైనా అడిగితే ఆయన జాలిగా చూస్తారు.

"వెళ్లకుండానే ఇంత చెప్పానంటే, వెళ్లొచ్చి చెబితే మీరు తట్టుకోగలరా?"

ఆయన అన్న సత్యప్రసాద్ గారికి కొత్తగా అల్లుడయ్యాడు గణేష్‌బాబు. రోజూ జిమ్ములో ట్రెడ్‌మిల్ మీద మండపేట నుంచి సామర్లకోట పోయొచ్చేంత దూరం నడిచే కుర్రాడు. అత్తారింట్లో వారం ఉండేసరికి రొయ్యల వేపుడుకి పొట్ట, చినమావగారి కథలకి చెవులు నిండిపోయాయి. ఇక ఆగలేక భోజనాల దగ్గరే సవాలు విసిరాడు.

"మావయ్యగారూ, పందెం! ఈసారి మీరు పైదాకా వస్తే, మీ కథలన్నీ నిజమేనని సెంటర్లో మైకు పెట్టి చెబుతాను. రాకపోతే ఏడాదిపాటు ఒక్క కథ కూడా చెప్పకూడదు."

దొరబాబుగారి ముద్ద నోటిదాకా వెళ్లి ఆగిపోయింది. "ఏడాదా! అన్నం మానెయ్యమనండి అల్లుడుగారూ, మానేస్తాను."

"భయమేంటండీ?"

"భయమా, నాకా! ఆ అడవిలో పులి నన్ను చూసి పక్కకి తప్పుకుని దారిచ్చిందండీ!" అని పౌరుషానికి పోయి ఒప్పేసుకున్నారు.

ఆదివారం కొండెక్కారు. ముందు గైడు రాముడు, అతని వెనకాలే మేకపిల్లలా గణేష్‌బాబు భార్య సుప్రియ, ఆ వెనక సత్యప్రసాద్ గారు, చివర్లో పందెగాళ్లిద్దరూ. చిత్రమేమిటంటే దొరబాబుగారు ఆయాసమన్న మాటే లేకుండా చకచకా ఎక్కేస్తున్నారు. ఆయన మోకాలికి కూడా పందెం సంగతి తెలిసిపోయినట్టుంది. మైకుసెట్టు ఊళ్లో అద్దెకిచ్చే అబ్బులు దగ్గర దొరుకుతుందో, వేరే ఊరు వెళ్లాలో అని గణేష్‌బాబు దిగులు పడుతూ నడిచాడు.

అంతలో దారి సన్నబడి బండని ఆనుకుని తిరిగింది. ఒక పక్క కొండ. రెండో పక్క ఏమీ లేదు. ఆ ఏమీ లేనితనానికి అడుగున, ఎక్కడో, గోదారి.

గణేష్‌బాబు ఒక్కసారి కిందికి చూశాడు. ట్రెడ్‌మిల్‌కి పక్కన లోయ ఉండదు. చిన్నప్పుడు తప్పిపోయిన మేనత్త కనబడ్డట్టు బండని రెండు చేతులా కావలించుకున్నాడు.

"ఏమండీ, రండి! అబ్బ, ఎంత బాగుందో!" పైనుంచి సుప్రియ కేక.

దొరబాబుగారు అప్పటికే మలుపు తిరుగుతున్నారు. ఇంకో నాలుగు అంగలేస్తే పందెం ఆయనదే, కథలన్నీ ఆయనవే. వెనక్కి చూశారు. అల్లుడి మొహం సున్నం కొట్టిన గోడలా ఉంది. ఒకసారి పైకి చూశారు.

"అమ్మోయ్, నా మోకాలు!"

పైన నవ్వులు పేలాయి. "ఓడిపోయావ్ బాబాయ్!"

"ఓడిపోయానే తల్లీ! అల్లుడుగారిని నాకు తోడుంచెయ్, నువ్వు చూసుకురా!" అని అరిచి, కుంటుకుంటూ వెనక్కొచ్చి గణేష్‌బాబు చెయ్యి గట్టిగా పట్టుకున్నారు. "నన్ను కాస్త నడిపించండి బాబూ. మీరు బండ వైపే చూడండి. మీరు కిందికి చూశారంటే నాకు కళ్లు తిరుగుతాయి."

అలా ఎవరు ఎవరిని నడిపిస్తున్నారో తెలియకుండా కిందికి దిగి, టేకుచెట్టు దగ్గర చదునైన చోట కూలబడ్డారు. గణేష్‌బాబుకి ఊపిరి అందడానికి కాసేపు పట్టింది.

"మావయ్యగారూ, ఇందాక కుడికాలు కుంటుతూ వచ్చారు. ఇప్పుడు ఎడమ మోకాలు నొక్కుకుంటున్నారు."

"నొప్పన్నాక ఒకచోట ఉంటుందేంటండీ, తిరుగుతుంది."

"కిందటేడు ఇక్కడ ఎవరితో కూర్చున్నారు?"

"మా వదినతో. ఆవిడకి ఆయాసం… అబ్బే, ఆవిడకేం, గుర్రంలా ఉంటారు! నాకే మోకాలు."

"ఆ ముందేడు?"

"అన్నయ్యతో. ఆయన షుగరు పడిపోయి…" దొరబాబుగారు నాలిక కరుచుకున్నారు. "మీరు లాయరు చదువు చదివారా అల్లుడుగారూ?"

గణేష్‌బాబు ఆయన మొహంలోకి చూశాడు. పోగొట్టుకున్న ఏడాది కథలన్నీ ఆయన గొంతులో కదులుతున్నట్టే కనిపించింది.

పైవాళ్లు దిగొచ్చారు. "ఏరా దొరబాబూ, ఇవాళ్టినుంచి మౌనవ్రతమేగా!" అన్నారు సత్యప్రసాద్ గారు. దొరబాబుగారు నోరు తెరిచి, మళ్లీ మూసేశారు.

"అదిసరే, మోకాలు బాబాయిది కదా, మీరెందుకు ఆగిపోయారు?" అంది సుప్రియ.

గణేష్‌బాబు గొంతు సవరించుకున్నాడు. పుట్టాక అబద్ధం ఆడనివాడు కాదుగానీ, ఈ స్థాయిలో ఎప్పుడూ ఆడలేదు.

"ఎలుగుబంటి వచ్చింది. మావయ్యగారు దాదాపు పైకి వెళ్లిపోయినవారు, నాకోసం వెనక్కి దూకి తరిమేశారు. ఆ దూకడంలోనే మోకాలు పట్టేసింది. పందెం ఆయనదే."

సుప్రియ పకపకా నవ్వింది. సత్యప్రసాద్ గారు నవ్వలేదు. తమ్ముడి వంక ఒక క్షణం చూసి, "నిజమేనమ్మా. నేను ఇక్కడ కూర్చున్న ఏడు కూడా వచ్చింది," అన్నారు.

"అలాగా! ఎంతుందేంటి?" అంది సుప్రియ.

గణేష్‌బాబు తడబడుతూ రెండు చేతులూ చాపి దూడంత మేర చూపించాడు. వెనకనుంచి దొరబాబుగారు నోరు మెదపకుండా వచ్చి, అల్లుడి మణికట్లు రెండూ పట్టుకుని, ఎంతవరకు సాగితే అంతవరకు దూరంగా జరిపారు.