పెన్సిళ్ల పని

యాభై దాటాక చదువు నేర్చుకున్నాను. మాది మండవల్లి దగ్గర పల్లెటూరు. ఫోనులో వచ్చినవి చదవగలుగుతున్నానని కాస్త గర్వంగానే ఉండేది. కిందటేడు పక్కింటి మంగ తన ఫోను పట్టుకుని వచ్చింది. రొయ్యల షెడ్డులో పని చేసే ఆమెకు చదువు రాదు.

"ఇదేదో వచ్చిందండి పిన్నిగారూ, కాస్త చదివిపెట్టరా?"

ఇంట్లోనే కూర్చుని పెన్సిళ్లు పెట్టెల్లో సర్దితే నెలనెలా జీతమిస్తారట. ముందుగా మనమే కొంత డబ్బు కట్టాలట. ఒక్క అక్షరం తప్పకుండా చదివి, "మంచి పనే మంగా, కట్టేయ్. ఇక ఆ ఐసు నీళ్లలో చేతులు పెట్టక్కర్లేదు" అన్నాను.

ఇంటిమీద రేకులు మార్పించడానికి దాచుకున్న డబ్బంతా పంపేసింది. పెన్సిళ్లు రాలేదు. ఫోను చేస్తే ఎత్తేవాళ్లు లేరు.

మొదటి వానకు వాళ్లింటికి వెళ్లాను. కారుతున్న చోటల్లా గిన్నెలు పెట్టి ఉన్నాయి.

"నన్ను తిట్టవే మంగా" అన్నాను.

"మీరేం చేస్తారండి? అందులో ఉన్నదే కదా చదివారు" అంది, నిండిన గిన్నె ఒంపుతూ.

పనిచ్చేవాళ్లు మనల్నే డబ్బు అడగడమేమిటని ఆ రోజు నాకు తట్టలేదు. మంగకు ఒక సంగతి ఇప్పటికీ చెప్పలేకపోతున్నాను. 'మంచి పనే, కట్టేయ్' అన్న మాట అందులో లేదు. అది నేను కలిపిందే.