అవతలోళ్లు వేసిన బాంబు

మొన్న ఆదివారం చర్చి నుంచి వచ్చి ఇంకా చెప్పులు విప్పకముందే మనవడి భార్య ఫోను చేసింది. మనవడు సైన్యంలో ఉన్నాడు, ఆ పిల్లేమో బెంగళూరులో ఒక కంపెనీలో పని చేస్తుంది. అతణ్ణి మళ్లీ సరిహద్దుకు పంపుతున్నారట, వెళ్లేలోగా కలిసి ఉండమని ఆఫీసువాళ్లు ఆమెకు సెలవిచ్చారట. ఉద్యోగం పోదా తల్లీ అని నేను ఆదుర్దాగా అడిగితే, "యాడికి పోతాది జేజీ, మిలిట్రీ ఇండ్లోల్లకు మా ఆఫీసులో రూలే ఉండాది, అది నా హక్కు" అని నవ్వేసింది. ఆ హక్కు అన్న మాట నా చెవికి ఎంత కొత్తగా తోచిందో, మొగుణ్ణి పటాలానికి పంపి ఉద్యోగం చేసిన నా ఈడు ఆడవాళ్లకు చెప్పక్కర్లేదు.

అప్పట్లో నేను ప్రొద్దుటూరులో ఒక ప్రైవేటు బడిలో మూడో తరగతి పంతులమ్మను. పుట్టిల్లు జమ్మలమడుగు, మిషను బడిలో చదువుకున్న మా నాన్నకు ఆడపిల్ల అంటే పంతులమ్మో నర్సో, మూడో దారి తెలియదు. పటాలంతో కాశ్మీరంలో ఉన్న మా ఆయన జీతం ఎప్పుడొస్తుందో ఆయనకే తెలియని రోజుల్లో నా ఉద్యోగం మీదే అత్తా, ఇద్దరు పసిపిల్లలూ బతికేవారు. అవి ఊరూరా రెండు ముఠాలు బాంబులు వేసుకునే పార్టీల రోజులు. మా వైపు పార్టీ అంటే ఓట్లప్పుడు గుర్తొచ్చేది కాదు, పెళ్లి పిలుపులోనూ బస్సు సీటులోనూ కూడా ఉండేది. మా కరస్పాండెంటుగారు ఒక పార్టీ మనిషి. అయినా రెండు వైపుల పిల్లలూ బడికి రావాలి గనుక రెండు వైపుల టీచర్లనూ పెట్టుకున్నారు. అట్లా చేరినవాళ్లే, నేను అక్కా అని ఒకరినీ వదినా అని ఒకరినీ పిలుచుకున్న ఇద్దరు పెద్దవాళ్లు. ఇద్దరిదీ పులివెందుల దగ్గర ఒకే పల్లె, ఒకరి అన్నదమ్ములు ఒక పార్టీ, ఇంకొకరి అన్నదమ్ములు ఇంకో పార్టీ. స్టాఫు రూములో ఒకరు కిటికీ వైపు, ఒకరు గోడ వైపు తిరిగి సద్దిమూట విప్పేవారు. ఊళ్లో గొడవైతే ఇద్దరిలో ఎవరైనా చెప్పాపెట్టకుండా వెళ్లిపోవచ్చు; ఎందుకు వెళ్లారని అడిగే ధైర్యం ఎవరికీ లేదు.

ఒకనాడు మధ్యాహ్నం మా ఆయన బాంబు తగిలి పూనా మిలిటరీ ఆసుపత్రిలో ఉన్నాడని టెలిగ్రాము వచ్చింది. ఏడ్చుకుంటూ కరస్పాండెంటుగారి గదిలోకి పరుగెత్తి, మా ఆయనకు బాంబు తగిలిందన్నాను. ఆయన చటాలున లేచి తలుపు మూశారు. "ఎవురు ఏసినారమ్మా?" అని అడిగారు. నోటికొచ్చినట్టు "అవతలోళ్లు సార్" అన్నాను. నా మనసులో ఉన్నది సరిహద్దుకు అవతలివాళ్లు. మా జిల్లాలో ఆ మాటకు ఉన్న అర్థం ఒక్కటే, ఎదుటి పార్టీవాళ్లు. ఆయన మొహం జేవురించింది. "ఎంత పని సేసినారు నా కొడుకులు! నువ్వు భయపడాకు, జీపు పంపిస్తా, మనోల్లు నలుగురు తోడొస్తారు. ఇంతకీ యా ఊరి కాడ?" అన్నారు. కాశ్మీరం సార్ అన్నాను.

జీపు అక్కడే ఆగిపోయింది. ఆయన మళ్లీ నిదానంగా కుర్చీలో కూలబడి, "మిలిట్రీలోనా? దానికి సర్కారు ఉండాది గదమ్మా. నువ్వు పోతే పో, తిరిగొచ్చినాక ఈడ కుర్చీ ఉంటాదని మాత్రం అనుకోవాకు" అన్నారు. ట్రైనింగు ముగించుకున్న ఆయన మేనకోడలు ఆ కుర్చీ కోసమే కాచుకుని ఉన్న సంగతి బడికంతా తెలుసు. మా ఆయన పల్లెలో కొట్లాటకు పోయి దెబ్బ తిని ఉంటే సెలవూ జీపూ రెండూ వచ్చేవే, అని ఆ నిమిషంలో నాకు పుట్టిన కోపం ఇప్పటికీ పూర్తిగా చల్లారలేదు.

స్టాఫు రూములో కూర్చుని ఏడుస్తుంటే అక్క కిటికీలోంచి చూపు తిప్పకుండానే, "నీ పిల్లోల్లలో సగం మందిని నా క్లాసులో కూసోబెట్టుకుంటా. మిగతా సగం ఆయమ్మ సూసుకుంటే నీ కుర్చీ ఖాళీ అని ఎవుడూ అనలేడు, పోయి ఆయమ్మకు చెప్పు" అంది. ఆయమ్మ అంటే వదినే, మూడు బారల దూరంలోనే ఉంది. గోడకేసి చూస్తూ వదిన, "ఇనపడిందని చెప్పు" అంది. ఏడుపులోనే నాకు నవ్వొచ్చింది.

ఎర్రగుంట్లలో రైలెక్కి పోయాను. మోకాలి కింద కాలు తీసేశారు. నన్ను చూడగానే మా ఆయన అడిగిన మొదటి మాట, ఉద్యోగం వదులుకుని వచ్చినావా అని. లేదని చెప్పాను గానీ నాకే నమ్మకం లేదు.

తిరిగొచ్చేసరికి నా కుర్చీ నాకే ఉంది. మేనకోడలు రెండుసార్లు వచ్చిందట, రెండుసార్లూ ఈ ఇద్దరూ నా గది గుమ్మానికి చెరోవైపు నిలబడి, పిల్లలకు టీచరు ఉందని తిప్పి పంపారట. ఒక పార్టీని ఇంకో పార్టీ మీదికి ఎగదోయడమే ఎరిగిన కరస్పాండెంటుగారికి, రెండూ ఒకే మాట మీద నిలబడితే ఏం చేయాలో తోచలేదు. నేను మళ్లీ చేరిన రోజే అక్క కిటికీకీ, వదిన గోడకీ తిరిగిపోయారు.

ఇప్పుడు మా ఆయన లేడు, వాళ్లిద్దరూ లేరు. నువ్వు సెలవులో ఉంటే నీ పని ఎవరు చేస్తారమ్మా అని మనవడి భార్యను అడిగాను. ఎవరో ఒకరు చేస్తారు జేజీ, నాకూ తెలీదు అంది. అట్లాగే ఉండాలి, ఆ పిల్ల ఎవరి గదిలోనూ ఏడవనక్కర్లేదు, నాకు నిజంగా సంతోషమే. నాకా సెలవిచ్చింది మాత్రం ఒకరి మొహం ఒకరు చూసుకోని ఇద్దరు ఆడవాళ్లు. వాళ్లిద్దరినీ ఒక్కచోట కూర్చోబెట్టి నా చేత్తో ఒక పూట అన్నం పెట్టాలని ఎంతో అనుకున్నాను, బతికినన్నాళ్లూ ఒక విస్తరి పక్కన ఇంకో విస్తరి వేయడానికి వాళ్లు ఒప్పుకోలేదు.