పేరంటాలమ్మ రాయికి మూడు వైపులా

"పేరంటాలమ్మ బొట్టు లేని పెళ్ళికి నేను రానురా" అని మా అక్క ఫోన్లో అన్న మాటే ఈ ప్రయాణానికి కారణం. పెళ్ళి వేరెవరిదో కాదు, ఆవిడ ఒక్కగానొక్క కూతురు మాధవిది. రెండో పెళ్ళి. మొదటి భర్త పోయి అయిదేళ్ళయింది. అత్తారింట్లో ఉండనివ్వకపోతే మాధవి నందిగామ వచ్చి, ఒక బడిలో టీచరుగా చేరి ఒంటరిగా నెట్టుకొచ్చింది. ఇప్పుడు అదే బడిలో లెక్కలు చెప్పే ఆయన్ని చేసుకుంటోంది. ముహూర్తం వచ్చే ఆదివారం.

అక్క ఉండేది ముక్త్యాల దారిలో, కృష్ణ ఒడ్డుకు దగ్గరగా ఉన్న చిన్న ఊళ్ళో. ఊరవతల పొలాల్లో మనిషెత్తు నాలుగు పలకల రాయి ఒకటి ఉంది. దాని మీద చెయ్యెత్తి నిలబడ్డ ఆడబొమ్మ, ఆ చేతినిండా గాజులు. మా వైపు అలాంటి బొమ్మ కనిపిస్తే అది భర్తతో చితి ఎక్కిన పేరంటాలిదే అనుకుంటారు. ఊళ్ళో ఎవరి పెళ్ళయినా తల్లి ఆ రాయికి పసుపు పూసి, అక్కడి కుంకుమ తెచ్చి పెళ్ళికూతురికి పెట్టాలి. భర్త పోయిన తల్లి రాయిని తాకకూడదు. పాతికడుగుల దూరంలో కానుగ చెట్టు దగ్గరే ఆగిపోవాలి. మారుమనువు చేసుకునే పిల్లకైతే అసలా బొట్టే లేదు. బొట్టు లేకుండా చేస్తే ఈ అల్లుడు కూడా దక్కడేమోనని అక్క భయం. పంతమని అందరూ అనుకున్నారు గానీ, అది భయం.

నేను చరిత్ర లెక్చరరుగా పనిచేసి రిటైరయ్యాను. ఆ రాయి మీద ఏం చెక్కి ఉందో నాకు తెలుసు. అది అక్కకు చదివి వినిపిద్దామని పాత నోటు పుస్తకం ఒకటి సంచిలో వేసుకుని బయల్దేరాను.

విజయవాడ బస్టాండులో ఉదయం ఆరూ ఇరవైకి జగ్గయ్యపేట బస్సు దొరికింది. నా పక్క సీటులో యాభై దాటిన ఒకావిడ కూర్చుంది. కండక్టరుకు ఆధార్ కార్డు చూపించి ఆడవాళ్ళకు ఉచితంగా ఇచ్చే జీరో టికెట్ తీసుకుంది. గరికపాడు చెక్‌పోస్టు దగ్గర డాబాలో వంట చేస్తుందట. పుట్టిల్లు కోదాడ పక్కన, మెట్టినిల్లు గరికపాడు.

"మా ఆయన ఉన్నప్పుడు బస్సెక్కాలంటే ఆయన్ని అడగాలె. పోయినంక కొడుకుని అడగాలె. ఇప్పుడు ఎవర్నీ అడిగే పన్లేదు సార్, మంచిగుంది" అంది. టికెట్ మడిచి రవికలో పెట్టుకుని వెంటనే నిద్రపోయింది.

కంచికచర్ల దాటాక ఎండెక్కింది. కీసర టోల్‌గేటు దగ్గర లారీల వెనక పది నిమిషాలు ఆగాం. మున్నేటిలో నీళ్ళు పాయలుగా పారుతున్నాయి. ఎనిమిదింటికి నందిగామ. మాధవి బస్టాండుకు వచ్చి నిలబడి ఉంది. కిటికీలోంచే నాకు టిఫిన్ డబ్బా అందించింది.

"మావయ్యా, అమ్మని బతిమాలకండి. రావాలనిపిస్తే వస్తుంది. లేకపోతే లేదు" అంది. గొంతు గట్టిగానే ఉంది గానీ, బస్సు కదిలేదాకా కిటికీ ఊచ వదల్లేదు.

తొమ్మిదింటికి జగ్గయ్యపేటలో దిగి, బస్టాండు బల్ల మీదే మాధవి పెట్టిన ఉప్మా తిన్నాను. అక్కడి నుంచి ముక్త్యాల వైపు షేర్ ఆటోలు దొరుకుతాయి. సిమెంటు లారీల వల్ల దారంతా దుమ్ము. వెళ్ళేవాళ్ళు మూతికి తువ్వాలు కట్టుకోవడం మంచిది. పదింబావుకి అక్క గుమ్మంలో ఉన్నాను.

అక్క మజ్జిగ ఇచ్చింది, మోకాళ్ళ నొప్పుల గురించి చెప్పింది, పెళ్ళి ఊసెత్తలేదు. "రాయి దాకా వెళ్ళొద్దాం రా" అన్నాను. అక్క చెంబుతో నీళ్ళు పట్టుకుని నా వెనకే వచ్చి, కానుగ చెట్టు దగ్గర ఆగిపోయింది. ఆగాలని ఆగినట్టు లేదు. బావ పోయినప్పటి నుంచీ కాళ్ళకే అలవాటైపోయింది.

ఊరివాళ్ళు పూజ చేసేది బొమ్మ ఉన్న వైపే. మిగతా మూడు వైపులా పాత తెలుగు లిపిలో అక్షరాలున్నాయి. కందిచేలోకి దిగి రాయి చుట్టూ తిరిగితేనే కనిపిస్తాయి. అక్కకు వినపడేలా గొంతు పెంచి, నోటు పుస్తకం చూస్తూ మొదలుపెట్టాను. అది ఒక రాణి వేయించిన శాసనం. ఆమె పేరు ఉన్నచోట రాయి పెచ్చు ఊడిపోయింది. "దేవి" అన్న చివరి ముక్క ఒక్కటే మిగిలింది.

మొదటి వైపు ఆమె పెళ్ళి. ఏటి ఒడ్డు ఏలే చిన్న దొర కూతురు. తండ్రి యుద్ధంలో ఓడిపోయి, సంధి కోసం ఆమెను గెలిచినవాడికే ఇచ్చి చేశాడు. కొన్నేళ్ళకు ఆ భర్త మరో యుద్ధంలో చనిపోయాడు.

రెండో వైపు ప్రవాసం. మరిది రాజ్యం తీసుకుని, ఆమెను చంటిబిడ్డతో కోట దాటించాడు. రేవులో పడవవాడు సుంకం అడిగితే ఇవ్వడానికి ఏమీ లేక చేతి గాజులు తీసి ఇచ్చి కృష్ణ దాటింది. అవతలి ఒడ్డున ఎన్నేళ్ళున్నదో తెలియదు, అక్కడ కొన్ని పంక్తులు అరిగిపోయాయి. ఆ తర్వాత అక్కడి దొర ఆమెను పెళ్ళాడాడు. రాయి మీద "రెండవ పతి" అని స్పష్టంగా ఉంది, దాచుకున్నదేమీ లేదు.

మూడో వైపు అధికారం. రెండో భర్త సైన్యంతో ఆమె తిరిగివచ్చి కోట గెలుచుకుంది. ఆ పోరులో ఆయనా పోయాడు. ఈసారి ఆమె ఎక్కడికీ వెళ్ళలేదు. తానే గద్దెనెక్కి ఏలింది. చిట్టచివర ఆమె ఆజ్ఞ ఉంది: మగదిక్కు లేక ఏరు దాటే ఆడవాళ్ళ దగ్గర ఈ రేవులో సుంకం తీసుకోకూడదు.

"ఈవిడ చితి ఎక్కలేదక్కా. ఇద్దరు భర్తలు పోయాక కూడా బతికింది. ఆ చెయ్యి ఆజ్ఞ ఇస్తున్న చెయ్యి" అన్నాను, చెట్టు దగ్గరికి తిరిగొచ్చి. అక్క సంతోషిస్తుందనీ, మాధవి పెళ్ళికి అడ్డు తొలగిపోయిందనీ అనుకున్నాను. పాఠం బాగా చెప్పానన్న తృప్తి కూడా కొంచెం లేకపోలేదు.

అక్క చూపు నా చేతిలోని పుస్తకం మీద ఉంది. అట్ట చిరిగిన, పసుపుపచ్చగా మారిన పుస్తకం.

"ఇది ఎప్పుడు చదివావురా?"

అబద్ధం చెప్పొచ్చు. నోరు రాలేదు. "ఎమ్మే చదివేటప్పుడక్కా. కాగితం తడిపి అద్ది, సిరా పూసి అచ్చు తీసుకెళ్ళి మా మేష్టారి దగ్గర చదివించుకున్నా."

"అప్పటికి మీ బావ పోయి ఎన్నాళ్ళు?"

"ఏడాది."

అది ముప్పై అయిదేళ్ళ కిందటి మాట. అప్పట్లో నేను ఊళ్ళో ఎవరికీ చెప్పలేదు. పెద్దవాళ్ళ నమ్మకంతో మనకెందుకు గొడవ అనుకున్నాను. పరీక్షలో ఆ శాసనం గురించి రాసి మంచి మార్కులు తెచ్చుకున్నాను. ఆ తర్వాత మాధవి మొదటి పెళ్ళప్పుడు అక్క ఇదే చెట్టు కింద నిలబడితే, మా పిన్ని వెళ్ళి కుంకుమ తెచ్చింది. ఆ రోజు నేను అక్క పక్కనే ఉన్నాను. ఫొటోలు తీశాను.

"అల్లుడు పోయినప్పుడు, నేనేదో ఆ రోజు చీర కొంగైనా రాయికి తగిలించి ఉంటానేమో, అందుకే పోయాడేమో అని ఎన్నిసార్లు అనుకున్నానో నీకు తెలుసా?" అంది అక్క. కేకలు వెయ్యలేదు. వేసి ఉంటే బాగుండేది.

క్షమించమని అడగబోయాను. అక్క వినకుండా నన్ను దాటుకుని నడిచింది. కానుగ నీడ దాటింది. రాయి ముందు నిలబడి చెంబు నీళ్ళు దాని మీద పోసి అరచేత్తో రుద్దడం మొదలుపెట్టింది. ఏళ్ళ తరబడి పట్టుకట్టిన పసుపు ముద్దలుగా ఊడి కిందపడింది. దించి ఉన్న రెండో చేతిలో కత్తి పిడి బయటపడింది. అచ్చు తీసేటప్పుడు నేను అక్షరాలే చూసుకున్నాను, బొమ్మను కడగలేదు. కత్తి నాకూ కొత్తే. అక్క దాన్ని వేలితో కొసదాకా తడిమి చూసింది. అప్పుడు ఏడ్చింది.

తర్వాత రాయి పాదాల దగ్గర గిన్నెలో ఉన్న పసుపు తీసి పూసింది, పక్కనున్న కుంకుమతో తన చేత్తోనే బొట్టు పెట్టింది. మిగిలిన కుంకుమ కాగితంలో మడిచింది. ఇంటికొచ్చి నాకు అన్నం పెట్టింది. దోసకాయ పప్పు, గోంగూర పచ్చడి. ఎదురుగా కూర్చోలేదు.

మూడున్నరకు ఆటో వచ్చింది. అక్క పొట్లం నా చేతిలో పెట్టింది.

"దానికివ్వు. ఆదివారం వస్తానని చెప్పు."

"నేనొచ్చి తీసుకెళ్తానక్కా."

"అక్కర్లేదు. నా బస్సు నేనెక్కుతా" అని లోపలికి వెళ్ళిపోయింది.

నాలుగున్నర బస్సుకు జగ్గయ్యపేటలో ఎక్కి, అయిదున్నరకు నందిగామలో దిగాను. మాధవి పొట్లం విప్పింది. "ఎవరు తెచ్చారు రాయి దగ్గర్నించి? పిన్నమ్మమ్మా?" అని అడిగింది.

"మీ అమ్మే. తన చేత్తో."

మాధవి బస్టాండు మధ్యలో అలా నిలబడిపోయింది. జనం ఆమెను తప్పుకుని నడిచారు. రాయి మీద ఏముందో, నేను ఎన్నేళ్ళు దాచానో కూడా ఆమెకు చెప్పేశాను. ఆమె నా సంచి తీసుకుని విజయవాడ బస్సులో పెట్టింది, అంతే.

ఇంత దూరం వెళ్ళి నేను చూసి వచ్చింది ఒక రాణి బతుకు. పెళ్ళీ ప్రవాసమూ అధికారమూ మూడు వైపులా చెక్కి ఉన్నాయి. చదవడం వచ్చిన నేను చెప్పకపోవడంతో, బొమ్మ ఉన్న నాలుగో వైపున, కానుగ చెట్టు దగ్గరే మా అక్క బతుకు గడిచిపోయింది. ఈ దుఃఖం నన్ను వదలదు, వదలాలని కూడా లేదు.

ఆ రాయిని చూడాలనుకునేవాళ్ళు జగ్గయ్యపేటలో షేర్ ఆటో ఎక్కి, ముక్త్యాల దారిలో పేరంటాలమ్మ రాయి అని అడగండి. ఉదయం పూట వెళితే అక్షరాలు బాగా కనిపిస్తాయి. కానుగ చెట్టు కింద ఎవరైనా ఆడమనిషి ఆగిపోయి నిలబడి ఉంటే, ముందు ఆవిడకు చదివి వినిపించండి. ఫొటోలు తర్వాత తీసుకోవచ్చు.