గంగమణక్క పట్టిన పసుపు దుమ్ము

చలికాలం పొద్దున స్వెటర్ తలమీదుగా తీస్తుంటే చిటపటమని సన్నని చప్పుడు వస్తుంది. ముంజేతి మీద వెంట్రుకలు నిక్కబొడుచుకుంటాయి. నిజామాబాద్‌లో ఈ నెలల్లో గాలి బాగా పొడిగా ఉంటుంది. జూనియర్ కాలేజీలో స్థిర విద్యుత్తు పాఠం చెబుతాను కాబట్టి ఆ చప్పుడుకు కారణం నాకు తెలుసు. అయినా అది వినగానే గుర్తొచ్చేది పాఠం కాదు, గంగమణక్క.

గంగమణక్కది బోధన్. ఆమె తండ్రి చక్కెర ఫ్యాక్టరీలో ఎలక్ట్రీషియన్. ఫ్యాక్టరీ మూతపడ్డాక ఇంటి ముందు గదిలో మోటార్ వైండింగ్ దుకాణం పెట్టుకున్నాడు. ఆయన చూపు మందగించాక పని కూతురి చేతికి వచ్చింది. కాలిపోయిన బోరు మోటారు విప్పి, పాత రాగితీగ లాగేసి, కొత్తది చుట్టి, వార్నిష్ పూసి ఆరబెట్టడంలో ఆమెకు సాటి లేదని చెరుకు రైతులు చెప్పుకునేవారు. కొత్తగా వచ్చినవాడెవడైనా "మీ ఆయన లేడా" అని అడిగితే, ముందు మోటారు ఆటోలోంచి దించమని చెయ్యి చూపించేది. పదో తరగతి తప్పానని మాత్రం ఎవరు అడిగినా తల ఎత్తే చెప్పేది.

నేను ఆమెను మొదట చూసింది ఒక పసుపు మిల్లులో. మాది కమ్మర్‌పల్లి. డిగ్రీ రెండో ఏడు భౌతికశాస్త్రం తప్పి, చదువు మానేసి, నిజామాబాద్‌లోని ఆ మిల్లులో ప్యాకింగ్ పనికి కుదిరాను. ఎనిమిది మంది ఆడవాళ్లం. పొడి సంచుల్లోకి ఒంపుతుంటే షెడ్డంతా పచ్చగా దుమ్ము లేచేది. ముక్కుకు కొంగు కట్టుకున్నా సాయంత్రం ఉమ్మితే పసుపే. మాలో పెద్దది రాజవ్వ. దగ్గు తెర వస్తే గోడ పట్టుకుని నిలబడేది. తగ్గాక మమ్మల్ని చూసి, తప్పు చేసినదానిలా నవ్వేది.

పసుపు పట్టే గిర్నీ మోటారు బాగుచేయడానికి గంగమణక్క వచ్చిన రోజు, బెల్టు దగ్గరికి పోతే చెయ్యి చురుక్కుమంటోందని చెప్పాం. ఆమె టెస్టర్ పెట్టి చూసి, మోటారులోంచి కరెంటు రావడం లేదని, బెల్టు రాపిడికి పుడుతోందని తేల్చింది. పోతూపోతూ గోడ దగ్గర ఆగిపోయింది. అక్కడున్న ప్లాస్టిక్ పైపుకు పసుపు దట్టంగా పట్టుకుని ఉంది. పక్కనే ఉన్న ఇనుప కడ్డీకి అంతగా లేదు. నేను డిగ్రీ చదివానని ఎవరో ఆమెకు చెప్పారు.

"గిదెందుకు గిట్ల అంటుకుంటది, చెల్లె?"

విజాతి ఆవేశాలు ఆకర్షించుకుంటాయని గడగడా అప్పజెప్పాను.

"అది పుస్తకంల మాట. చేసి సూపియ్యి."

చూపించలేకపోయాను. పరీక్ష తప్పినప్పుడు కూడా నాకంత సిగ్గు వేయలేదు.

తరువాతి ఆదివారం బోధన్ రమ్మంది. వెళ్లేసరికి పనిబల్ల మీద మూరెడు పొడవున్న లావుపాటి ప్లాస్టిక్ పైపు, పాత ఫ్యాను మోటారు సిద్ధంగా ఉన్నాయి. తిరిగే పైపుకు ఏదైనా రాసుకుంటే ఆవేశం పుట్టాలి, దుమ్ము దానికి అంటుకోవాలి, కింద ఉన్న బ్రష్షు ఆ దుమ్మును గీకి పళ్లెంలో పడేయాలి. అదీ ఆమె ఆలోచన. నూలుగుడ్డ పెట్టి చూశాం, ఏమీ కాలేదు. పాత చీర ముక్కతో కొంచెం లాగింది. చివరికి తండ్రి కప్పుకునే ఉన్ని గొంగడి అంచు కత్తిరించి పెడితే, బల్ల మీది కాగితం ముక్కలు లేచి పైపుకు అతుక్కున్నాయి. ఆమె నవ్వలేదు. గొంగడి ఇంకొంచెం బిగించింది. నాలుగు ఆదివారాలు పట్టింది. పోగైన ఆవేశం నేలలోకి దిగిపోయేలా ఇనుప చట్రానికి ఎర్త్ తీగ కట్టేదాకా నేను దాన్ని మిల్లుకు తీసుకుపోనివ్వలేదు. ఎందుకు కట్టాలో ఈసారి నేను చేసి చూపించాను.

దాన్ని ప్యాకింగ్ బల్ల పక్కన పెట్టాం. అంతా లాగేసిందని చెప్పను. కానీ మధ్యాహ్నానికి పళ్లెంలో రెండు దోసిళ్ల పసుపు ఉంది. అదంతా లేకపోతే మా ఊపిరితిత్తుల్లోకి పోయేదే. రాజవ్వ ఆ పళ్లెంలో వేలు ముంచి, అంటిన పసుపును మా అందరికీ చూపించింది.

మూడో రోజు మిల్లు యజమాని హైదరాబాద్ నుంచి తెలిసిన ఇంజనీరును వెంటబెట్టుకుని వచ్చాడు. కొనేవాళ్లు చూస్తే గొంగడి కట్టిన ఆ యంత్రంతో పరువు పోతుందని యజమాని బాధ. ఇంజనీరు దాని చుట్టూ తిరిగి, గంగమణక్కతో మర్యాదగానే అన్నాడు.

"ఇది మీరు కనిపెట్టిందేం కాదమ్మా. కరెంటుతో దుమ్ము పట్టడం విదేశాల్లో వందేళ్ల కిందటే వచ్చింది."

"వందేండ్ల కిందనే వచ్చిందా సార్? మంచిదే," అంది గంగమణక్క. "మరి ఈ షెడ్డు దాకా ఎందుకు రాలే?"

ఇంజనీరు వంగి పళ్లెంలోని పసుపును చూశాడు. యజమాని మాత్రం తీసేయమన్నాడు. గంగమణక్క స్విచ్చు మీద నుంచి చెయ్యి తీయలేదు. నేను చేతిలో సంచి కింద పెట్టి, అది తీసేస్తే నేను పని చేయనన్నాను. నా గొంతు నాకే వినపడలేదేమో అనుకున్నాను. రాజవ్వ విన్నది. తన సంచి కూడా కింద పెట్టి నేల మీద కూర్చుంది. మిగతా ఆరుగురూ కూర్చున్నారు. సాయంత్రం లారీకి సరుకు ఎక్కలేదు.

యజమాని దిగొచ్చాడు, యంత్రం అక్కడే ఉండిపోయింది. నన్ను మాత్రం ఆ వారంలోనే పనిలోంచి తీసేశారు. ఏడుస్తూ బోధన్ పోతే గంగమణక్క ఓదార్చలేదు.

"మంచిగైంది. పోయి ఆ పరీక్ష రాయి. ఇప్పుడు నీకు ఎర్త్ అంటే ఏందో తెలుసు."

రాశాను. వానాకాలం తేమలో ఆ పైపు సరిగా పనిచేయక దుమ్ము మళ్లీ లేస్తే, ఆడవాళ్లు మళ్లీ కూర్చున్నారు. ఆ ఏడు యజమాని గాలి లాగే పెద్ద ఫ్యాన్లు పెట్టించక తప్పలేదు. గొంగడి యంత్రం మూలకు పోయింది. గంగమణక్కకు దాని మీద బెంగ లేదు, దుమ్ము పోతే చాలంది. దాన్ని చేసింది ఎవరని అడిగితే మాత్రం, తన పేరు ఇంటిపేరుతో సహా చెప్పేది. చివరిదాకా వైండింగ్ పని మానలేదు. పోయిన ఏడాదే కన్నుమూసింది.

మా కాలేజీ ల్యాబులో విద్యుదావేశం పుట్టించే యంత్రం ఒకటి ఏళ్ల తరబడి బీరువాలో తాళం వేసి ఉండేది. పిల్లలు పాడుచేస్తారని ఎవరూ బయటికి తీయలేదు. ఈ మధ్య దాన్ని తీసి పిల్లలకు చేసి చూపిస్తానంటే ప్రిన్సిపాల్, బొమ్మ గీసి చెబితే సరిపోదా, పగిలితే ఎవరిది బాధ్యత అని అడిగారు. నాది అని కాగితం మీద రాసి, కింద సంతకం పెట్టి, తాళంచెవి కోసం చెయ్యి చాపాను. ఆయన ఇచ్చేదాకా ఆ చెయ్యి అలాగే ఉంచాను.