గుంటూరులో ఇంటికెళ్లి పిలిచిన పిలుపు

"గుంటూరు వాళ్లతో జాగ్రత్త. కారం తక్కువ వేయమంటే అవమానం అనుకుంటారు" అని రాజమండ్రి స్టేషన్లో రైలెక్కిస్తూ మా ఆయన హెచ్చరించారు. సెల్‌ఫోన్లో ఇన్‌కమింగ్ ఉచితమైన కొత్తల్లో సంగతిది. మత్తుమందు సూదితో ఎక్కించుకునేవాళ్లలో ఎంతమందికి హెచ్ఐవీ ఉందో పట్టణాల వారీగా అంచనా కట్టే సర్వేలో గుంటూరు నా వంతుకొచ్చింది. నేను ల్యాబ్ టెక్నీషియన్ని. రక్తం తీయడం నా పని, వాగడం నా అలవాటు.

పొద్దున్న ఆరింటి రైలు. బెజవాడలో దిగి, ఇడ్లీ తిని గుంటూరు ప్యాసింజర్ ఎక్కాను. మిరపకాయలు యార్డుకొచ్చే రోజులు కావడంతో ఊరు దగ్గరపడగానే తుమ్ములు మొదలయ్యాయి. ఎదుటి సీట్లో ఉన్న రైతు మురిసిపోయాడు. "తుమ్మండమ్మా, తుమ్మండి! సరుకు ఘాటుగా ఉందన్నమాట" అన్నాడు.

బస్టాండుకు దగ్గర్లో లాడ్జి దొరికింది. గది చిన్నదే గానీ శుభ్రంగా ఉంది. కింద మెస్‌లో గోంగూర పచ్చడి తిని కళ్లనీళ్లు పెట్టుకున్నాను. అయినా సిగ్గులేకుండా మారు వడ్డించుకున్నాను. మీరు వెళితే నెయ్యి వద్దనకండి, ప్రాణానికి రక్ష అదే.

ఇక పని సంగతి. "మీరు సూది వేసుకుంటారా?" అని ఇంటింటికీ తిరిగి అడిగితే తన్నులు తప్పవు. అందుకే ఊళ్లో ఓ గది అద్దెకు తీసుకుని కూపన్ల పద్ధతి పెట్టారు. వచ్చినవాడు తనలాగే సూది వాడే ముగ్గురు స్నేహితులకు కూపన్లిస్తాడు, వాళ్లు మరికొందరికి. పేరు అడగం. నాలుగు ప్రశ్నలు, కాస్త రక్తం, ఓ టీ, అంతే. తన ఫలితం తెలుసుకోవాలనుకున్నవాణ్ని ప్రభుత్వాసుపత్రికి పంపుతాం.

ఆటోవాళ్లు వరసగా వచ్చారు. మిర్చి యార్డులో బస్తాలు మోసే ముఠా కూలీలు మాత్రం ఒక్కరూ రాలేదు. వాళ్లలోనూ సూదులు వాడేవాళ్లున్నారని అందరికీ తెలుసు. వాళ్లను వదిలేసి అంచనా కడితే అది అంచనా కాదు, సోది.

మొదటి కూపన్ అందుకున్న ఆటో డ్రైవర్ కోటిని అడిగాను. (పేర్లు మార్చాను.) "యార్డు వాళ్లు శీనుగాడి మాట మీద నడుస్తారు మేడం. వాడొస్తే అందరూ వస్తారు. నాకూ వాడికీ మాటల్లేవు" అన్నాడు.

"అయితే ఎవరిచేతనైనా కూపన్ పంపు" అన్నాను, మహా తెలివిగా.

టీ కొట్టాయన చేత పంపాడు. సాయంత్రానికి కూపన్ నలిగిపోయి తిరిగొచ్చింది, "పిలవని పేరంటానికి రానని చెప్పు" అన్న కబురుతో సహా.

కోటి బెంచీ మీద కూలబడ్డాడు. "మా చెల్లి పెళ్లికీ ఇదే తప్పు చేశానండీ. కార్డు ఎవరిచేతో పంపా. ఇంటికెళ్లి పిలవలేదు. అప్పట్నుంచీ వాడు నా మొహం చూడడు." ఆగి, గొంతు తగ్గించాడు. "ఒకే సూది పంచుకున్నాం మేడం మేమిద్దరం. మొన్నామధ్య పరీక్ష చేయించుకుంటే నాకుందన్నారు. వాడికి ఈ సంగతి తెలీదు. ఎట్టా చెప్పను?"

అంచనా గొడవ అక్కడితో మర్చిపోయాను. "శీనుది ఏ ఊరు?" అన్నాను. ప్రత్తిపాడన్నాడు, రేపు యార్డుకు సెలవు కాబట్టి ఇంటి దగ్గరే ఉంటాడన్నాడు. "పద, రేపు బస్సెక్కుదాం."

ఎనిమిదింటి బస్సు కిక్కిరిసి ఉంది. దారి పొడుగునా చేలల్లో పత్తి తీస్తున్నారు. కల్లాల్లో మిరపకాయలు ఆరబోసి ఉన్నాయి. పక్కన నిలబడ్డ ముసలమ్మ నా ఊరు కనుక్కుని జాలిపడింది. "రాజమండ్రా? మీరు కూరలో బెల్లమేస్తారంటగా, ఎట్టా తింటారమ్మా?"

"మీరు నిప్పులేసుకుని తినట్లా? అట్టాగే" అన్నాను. బస్సులో అందరూ నవ్వారు. కోటి మాత్రం ఒళ్లో అరటిపళ్ల హస్తం పెట్టుకుని పెళ్లిచూపులకు పోతున్నవాడిలా చెమటలు కక్కుతున్నాడు.

శీను అరుగు మీద టీ తాగుతూ మమ్మల్ని చూసి మొహం తిప్పుకున్నాడు. వాళ్లమ్మ మాత్రం గుమ్మంలోంచే కేకేసింది. "ఏరా కోటీ, దారి మర్చిపోయావేంది? లోపలికి రా!"

కోటి పళ్లు ఆమె చేతిలో పెట్టి గొంతు సవరించుకున్నాడు. "ఒరేయ్ శీనూ, చెల్లి పెళ్లికి నీకు నేనొచ్చి చెప్పలా. తప్పు నాదే. ఇప్పుడు ఇంటికొచ్చి పిలుస్తన్నా. రేపు గుంటూరు రారా."

"దేనికి?"

"రక్తం ఇవ్వటానికి."

"ఇదెక్కడి పిలుపురా నాయనా!" అంటూ తల్లి నెత్తిన చెయ్యి పెట్టుకుంది. శీనుకి నవ్వాగలేదు. టీ పొలమారింది.

తర్వాత ఇద్దరూ గడ్డివాము వెనక్కి వెళ్లారు. నేను వాళ్లమ్మతో పిండివంటల కబుర్లేసుకుని కూర్చున్నాను గానీ ప్రాణమంతా ఆ వాము దగ్గరే ఉంది. చాలాసేపటికి వచ్చారు, ఇద్దరి కళ్లూ ఎర్రగా. "మిరపకాయల ఘాటు" అన్నాడు శీను తల్లితో. నేను తలొంచుకున్నాను.

మర్నాడు యార్డు నుంచి జనం వచ్చారు. శీను ఒక్కొక్కరి దగ్గరికీ తనే వెళ్లి పిలిచాడట. టీ గ్లాసులు చాలక పక్క కొట్లో అరువు తెచ్చుకున్నాం. నా చేతులు నొప్పులు పుట్టినా పట్టలేనంత సంతోషం.

నా తిరుగు ప్రయాణం రోజున స్నేహితులిద్దరూ స్టేషన్‌కొచ్చారు. శీను అప్పటికే ప్రభుత్వాసుపత్రిలో ఫలితం అందుకున్నాడు. "నాకూ ఉందండీ" అన్నాడు ముక్కుసూటిగా. కోటి ముక్కు చీదుకుంటుంటే శీను నవ్వాడు. "చూడండి మేడం, రోగం నాకైతే ఏడుపు వీడిది! ఒరేయ్, మందులిస్తన్నారంటగా, ఇద్దరం నీ ఆటోలోనే పోదాం. ఏడవమాకు."

శీను కారం పొట్లం నా చేతిలో పెట్టాడు. "ఎండల్లో మా చెల్లి పెళ్లి. మీకు కార్డు పంపను. ఇంటికొచ్చి పిలుస్తా" అన్నాడు. రైలు కదిలింది. బెజవాడ దాకా కళ్లు తుడుచుకుంటూనే ఉన్నాను. పక్కావిడ కారం పొట్లాన్ని అనుమానంగా చూసింది.

గుంటూరు అంచనా ఎంతని తేలిందో మా పెద్దలు ఎక్కడో రాసుకుని ఉంటారు. నాకు తెలిసిందల్లా ఒకటే, అక్కడ మనిషి కావాలంటే గడప దాకా నడవాలి.

ఎండాకాలంలో ఒక మధ్యాహ్నం తలుపు చప్పుడైంది. తీస్తే గుమ్మంలో శీను, వెనకాలే అరటిపళ్లతో కోటి. ఆ పూట కూరలో బెల్లం వేయకుండా వండాను.